చతికిలాట

జూలై 1, సోమవారం

మళ్ళీ డైరీ తెరిచాను. ఇంట్లో చెబితే మా ఆయన ఏదో ఒకటి అని నవ్విస్తారు. స్కూల్లో చెబితే సాయంత్రానికల్లా గేటు బయటి బడ్డీకొట్టు దాకా వెళ్తుంది. నాకు నవ్వాలని లేదు. కాసేపు కోపంగా ఉండాలని ఉంది, అంతే.

పక్క వీధిలో ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒక బడి ఉండేది. దాన్ని మూసేసి పిల్లల్ని మా స్కూల్లో కలిపేశారు. పొద్దున్న అసెంబ్లీలో కొత్త పిల్లలు ఒక పక్కగా నిలబడ్డారు, నిలబడలేనివాళ్ళు కూర్చున్నారు. తర్వాత పెద్ద మేడమ్ స్టాఫ్‌రూమ్‌లో మీటింగు పెట్టారు. మా హెడ్మిస్ట్రెస్‌ని టీచర్లం, పిల్లలం అందరం అలాగే పిలుస్తాం. లెక్కలు ఎలా చెప్పాలి, సైన్సు ల్యాబులోకి ఎలా తీసుకెళ్ళాలి అని చాలాసేపే మాట్లాడారు. నా వంతు వచ్చేసరికి ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆటల పీరియడ్‌లో వాళ్ళు వరండాలో కూర్చుంటారట. నీడపట్టున ఉంటారు, దెబ్బలు తగలవు, మనకీ మాట రాదు.

నేను తలూపాను. ఎందుకూపానో ఇంటికొచ్చాక కూడా అర్థం కాలేదు.

మోకాలు బాగానే ఉంది. మెట్ల దగ్గర మాత్రం కాస్త.

జూలై 2, మంగళవారం

నిన్న మోకాలి సంగతి ఎందుకు రాశానో. దానికేమీ కాలేదు.

జూలై 9, మంగళవారం

ఆటల గది అని మేం పిలుచుకునేది మెట్ల కింద ఉన్న అర. అందులో గాలి నిలిచే బంతి ఒకటి, నిలవనివి కొన్ని, తెగితే ముడేసిన తాడు, కాళ్ళు విరిగిన హర్డిల్స్. మైదానంలో సగాన్ని కొత్త గదుల కోసం తెచ్చిన కంకర మింగేసింది. మిగిలిన సగంలోనే ఎనిమిదో తరగతి మొత్తం పరుగెత్తాలి. ఇన్నాళ్ళూ దీని గురించే గొణుక్కునేదాన్ని. ఇప్పుడు వరండా కూడా చేరింది.

ఆరో పీరియడ్‌లో వరండాకి వీపు పెట్టి నిలబడటం అలవాటు చేసుకుంటున్నాను. కానీ చెవులకి వీపు లేదు. ఎనిమిదో తరగతిలో చేరిన కొత్త పిల్లల్లో ఒకమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. నిద్రలో తప్ప నోరు మూయదు. రెండో రోజుకే క్లాసంతా కలిసి రేడియో అని పేరు పెట్టింది. కొత్తచోట ఇంత త్వరగా పేరొచ్చింది తనకొక్కదానికేనని ఆ పిల్ల మురిసిపోయింది కూడా. ఈ రోజు నేను విజిల్ ఊది అందర్నీ లోపలికి పంపుతుంటే రేడియో వరండా అంచుకి వచ్చి, నా బూట్ల చప్పుడు పట్టుకుని సరిగ్గా నావైపే మొహం తిప్పింది.

"టీచర్, ఆటలకి యాభై మార్కులంట కదా. వరండాలో కూర్చున్నందుకు మాకెన్ని వేస్తారు?"

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. ఆడలేని పిల్లలకి సగటు మార్కులు వేయాలని రూలుంది. అదే చెప్పాను. "మరి బాగా కూర్చున్నవాళ్ళకి కూడా అంతేనా?" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది.

జూలై 11, గురువారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

వాలీబాల్ సర్వీసు నేర్పుతున్నాను. ఎగిరి కొట్టి చూపించాను. దిగేటప్పుడు కుడి మోకాలు గడియ పడ్డట్టు బిగుసుకుపోయింది. ఉన్నచోటనే చతికిలబడ్డాను. క్లాసు గొల్లుమంది. లేవబోయాను, కాలు మాట వినలేదు. పిల్లలు నవ్వడం ఆపేసి జాలిగా చూడసాగారు. ఆ చూపు నాకు కొత్త కాదు. వరండా వైపు అందరం చూసే చూపే అది.

ఒళ్ళు మండింది. "ఏంటలా నిలబడి చూస్తున్నారు? అందరూ కూర్చోండి. ఇవాళ్టి ఆట కూర్చునే" అని కసిరాను.

కూర్చున్నారు. ఏం ఆటో నాకే తెలియదు. తాడుని రెండు హర్డిళ్ళ మధ్య, కూర్చున్నవాళ్ళ తలల ఎత్తున కట్టించాను. అటు కొందరు, ఇటు కొందరు. కూర్చునే బంతిని తాడు మీదుగా కొట్టాలి, లేచినవాళ్ళు అవుట్. అప్పుడు వరండా వైపు తిరిగి పిలిచాను. మీరూ రండి, కూర్చోవడంలో మీ అంత ప్రాక్టీసు ఇక్కడెవరికీ లేదు అన్నాను. ముందు రేడియో వచ్చింది, ఆమె వెనక మిగిలినవాళ్ళు.

పీరియడ్ అయ్యేలోపు మోకాలు దానంతటదే సర్దుకుంది.

పిల్లల కోసమే కూర్చున్నాను. అది మాత్రం స్పష్టంగా రాసిపెట్టుకోవాలి.

జూలై 18, గురువారం

ఆటకి పేరొచ్చింది. చతికిలాట. ఎవరు పెట్టారో తెలియదు కానీ స్కూలంతా పాకింది. ఆరో తరగతి పిల్లలు కూడా మాకెప్పుడు నేర్పుతారని అడుగుతున్నారు.

రేడియోకి బంతి వినపడాలి కదా. బంతిని ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి బిగించి కట్టాను. ఇప్పుడది గాలిలోనూ, నేలమీదా గరగరమంటూ వస్తుంది. ఆ గరగర వినాలంటే మిగిలిన ప్రపంచం నోరు మూసుకోవాలి. అందుకని బంతి లేచిన దగ్గర్నుంచి పడేదాకా ఎవరూ మాట్లాడకూడదని రూలు పెట్టాను. ఎనిమిదో తరగతి మాట్లాడకుండా ఉండటం ఈ స్కూలు పుట్టాక ఇదే మొదటిసారి అనుకుంటాను.

దాంతో నేను అనుకోనిది జరిగింది. కొత్త పిల్లల్లోనే మౌని అని ఒక పిల్లాడున్నాడు. వాడికి చప్పుడు పడదు. నలుగురు ఒక్కసారి అరిస్తే చెవులు మూసుకుని నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళిపోతాడు. ఆటల పీరియడ్ మొత్తం అక్కడే. ఈ రోజు ఆట నడుస్తుండగా చూస్తే ట్యాంకు పక్కన నిలబడి ఉన్నాడు. ఇంకాసేపటికి హద్దు గీత దగ్గరున్నాడు. బంతి అవతల పడింది, అందరూ లోపలా బయటా అని నా మొహం చూశారు. నేను చూడలేదు, మౌనిని చూస్తున్నాను. వాడు వేలితో బయట చూపించాడు. బయటే పడింది, దుమ్ములో అచ్చు కనపడుతోంది. ఆ క్షణం నుంచి వాడే అంపైర్. చేయి లోపలికి ఊపితే లోపల, బయటికి ఊపితే బయట. ఎవరు బతిమాలినా రెండోసారి ఊపడు.

చక్రాల కుర్చీలో వచ్చే పిల్లాడి పేరు స్టీరింగ్. వాడు కుర్చీ దిగి నేలమీద కూర్చుంటే పట్టుకునేవాడు లేడు. పుట్టిన దగ్గర్నుంచీ ఇంట్లో తన చేతుల మీదే తిరిగినవాడు మరి. మా పరుగుల వీరుడు, అంతర్ పాఠశాలల పోటీల్లో పతకాలు తెచ్చే ఎక్స్‌ప్రెస్, అవతలి జట్టులో కూర్చుని తన పొడుగు కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తికమకపడ్డాడు. స్టీరింగ్ వాణ్ణి చెడుగుడు ఆడించాడు.

నేను కూడా కూర్చునే నేర్పుతున్నాను. కూర్చుంటేనే బాగా నేర్పగలను. ఆట అలాంటిది.

జూలై 24, బుధవారం

ఎక్స్‌ప్రెస్ వాళ్ళ నాన్న స్కూలు కమిటీ ఛైర్మన్. ఈ రోజు పెద్ద మేడమ్ గదిలో కూర్చుని నన్ను పిలిపించారు. మర్యాదగానే మాట్లాడారు. వాళ్ళబ్బాయి పరుగు ప్రాక్టీసు తగ్గిపోయిందట. దేవుడు కాళ్ళిచ్చిన పిల్లల్ని కూడా కూర్చోబెడితే ఎలాగమ్మా అన్నారు.

పొద్దున్న స్కూలుకి ముందు వచ్చి మీ అబ్బాయిని నేనే పరుగెత్తిస్తానని చెప్పాను. ఆయన సంతోషించారు. పెద్ద మేడమ్ మాత్రం ఆయన వెళ్ళాక, వరండాలో ఉండాల్సినవాళ్ళు మైదానంలో ఎందుకున్నారని అడిగారు. కూర్చునే ఉన్నారు కదా మేడమ్ అన్నాను. మీరు కూర్చోమన్నారు, కూర్చోబెట్టాను. వరండా, మైదానం తేడా ఒక్కటే.

ఆవిడకి నవ్వు రాలేదు.

ఆగస్టు 2, శుక్రవారం

పొద్దున్నే లేవడం కష్టమేమీ కాదు. ఎక్స్‌ప్రెస్ వెంట నేను పరుగెత్తక్కర్లేదు, వాచీ పట్టుకుంటే చాలు.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. నేను వంటింట్లోంచి నడిచొస్తుంటే పేపర్ దించి విన్నారు. "నీ మోకాలు చప్పుడు వింటే మా డిపోలో తుక్కుకి రాసేసిన బండి గుర్తొస్తోంది. డాక్టర్ దగ్గరికి పోదాం పద" అన్నారు. పాత బళ్ళే గట్టివని మీరే కదా అంటారు అన్నాను. "గట్టివే. కానీ వాటిని కూడా షెడ్డుకి తెస్తారు" అన్నారు.

స్పోర్ట్స్ డే అయ్యాక చూద్దాం.

ఆగస్టు 13, మంగళవారం

రేడియో వేలు విరిగింది.

ఎక్స్‌ప్రెస్ కొట్టిన బంతి. తాడు మీదుగా బాణంలా వచ్చింది. రేడియో సరిగ్గానే చేతులు చాచింది, వేలు వెనక్కి మడతపడింది. చప్పుడు మా అందరికీ వినపడింది. ఆట రూలు ప్రకారం ఎవరూ మాట్లాడట్లేదు కదా.

ఆటో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఎక్స్‌ప్రెస్ అడక్కుండానే వెనకాల ఎక్కాడు. వాడి మొహంలో నెత్తురు లేదు. దారంతా నోరు తెరవలేదు. రేడియో కూడా తెరవలేదు, దాంతో నాకింకా భయమేసింది. కట్టు కడుతున్నప్పుడు నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది.

"టీచర్, ఇన్నాళ్ళూ వాడు నాకు మెత్తగా వేసేవాడు. అందరూ నాకు మెత్తగానే వేస్తారు, గరగరలో తెలిసిపోతుంది. ఇవాళ గట్టిగా కొట్టాడు. నేనూ ఆడేదాన్నే అనుకున్నాడు కదా?"

తలుపు దగ్గర నిలబడ్డ ఎక్స్‌ప్రెస్ ఏడుస్తూ బయటికి వెళ్ళిపోయాడు.

ఆగస్టు 14, బుధవారం

కాగితం వచ్చింది. ప్రత్యేక అవసరాల పిల్లలు ఇకనుంచి ఆటల పీరియడ్‌లో లైబ్రరీ గదిలో ఉండాలి. మైదానంలోకి అడుగు పెట్టకూడదు. సంతకం పెట్టాను.

మధ్యాహ్నం రేడియో వాళ్ళమ్మ వచ్చింది. బట్టలు కుట్టే ఆమె, మెడలో కొలత టేపు అలాగే ఉంది. పెద్ద మేడమ్, నేను ఇద్దరం లేచి నిలబడ్డాం. నాలుగు మాటలు పడటానికి సిద్ధపడ్డాను. పెద్ద మేడమ్ ముందుగానే క్షమాపణ చెప్పి, ఇలాంటిది ఇక జరగదని, పిల్లని ఆటలకి పంపబోమని హామీ ఇచ్చారు. ఆమె అంతా విని, కుర్చీ చూపించినా కూర్చోకుండా మాట్లాడింది.

"దానికి దెబ్బలు కొత్త కాదు మేడమ్. తలుపు తగిలి, బల్ల తగిలి, ఎప్పుడూ ఏదో ఒకటి. చూపు లేదు పాపం, తగిలింది అంటారు అందరూ. నిన్నటి దెబ్బ అలాంటిది కాదు. కట్టు పట్టుకుని వీధంతా తిరిగి ఆటలో తగిలిందని చెప్పుకుంటోంది. ఇప్పుడు మానిపిస్తే, చూపు లేదు పాపం అనే కదా మళ్ళీ? కట్టు విప్పగానే ఆడించండి."

పెద్ద మేడమ్ చూద్దాం అన్నారు. ఆవిడ చూద్దాం అంటే చూడరని ఎనిమిదో తరగతి పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు.

ఆగస్టు 22, గురువారం

కాగితం మళ్ళీ చదివాను. ఆ పిల్లలు మైదానంలోకి వెళ్ళకూడదని ఉంది. మిగిలినవాళ్ళు లైబ్రరీలోకి రాకూడదని లేదు. లైబ్రరీలో కూర్చోకూడదని అసలే లేదు.

బల్లలు గోడకి జరిపించాను. తాడు రెండు బీరువాల చేతులకి కట్టాను. క్లాసుని రెండు భాగాలు చేసి, ఒక సగాన్ని మైదానంలో పరుగెత్తమని ఎక్స్‌ప్రెస్‌కి అప్పగించాను. ఇంకో సగం లోపల. పక్క గదిలో లెక్కల సారు పాఠం చెబుతున్నారు. ఆయనకి ఏమీ వినపడలేదు. గోడకి ఇటువైపు ఇంతమంది పిల్లలు చెమటలు కక్కుతూ ఆడుతున్నారని ఆయనకి తెలియనే లేదు. ఈ స్కూల్లో లైబ్రరీ ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు.

రేడియో ఒంటి చేత్తో ఆడింది. వద్దంటే వినలేదు. ఎవరి పోలికో.

ఆగస్టు 29, గురువారం

దొరికిపోయాం. స్టీరింగ్ కొట్టిన బంతి బీరువా అద్దానికి తగిలింది. అద్దం పగల్లేదు కానీ ఆ చప్పుడుకి లెక్కల సారు, ఆయన వెనక పెద్ద మేడమ్ వచ్చారు. తలుపు తెరిచేసరికి అందరం నేలమీద చతికిలబడి ఉన్నాం. పిల్లలు గబుక్కున లేచారు, లేవగలిగినవాళ్ళు. నేను లేవలేదు. అందరూ నా ధిక్కారం అనుకున్నారు. అనుకోనీ.

పిల్లల్ని పంపేశాక ఆవిడ గొంతు పెంచకుండా చెప్పారు. స్పోర్ట్స్ డేకి పై ఆఫీసు నుంచి అధికారి వస్తున్నారు. ఆ రోజు ఈ పిల్లలకి సెలవు. ఇళ్ళకి కబురు వెళ్ళిపోయింది. వాచ్‌మన్‌కి కూడా చెప్పేశారు. నాకు మెమో తర్వాత వస్తుంది.

సెలవెందుకని అడిగాను. ఎండలో ఇబ్బంది పడతారన్నారు. మిగిలినవాళ్ళకి ఎండ తగలదా అన్నాను.

సెప్టెంబర్ 5, గురువారం

రేపే స్పోర్ట్స్ డే. గీతలన్నీ నేనే గీశాను. విజిల్ కడిగి పెట్టుకున్నాను. నాకేం తోచడం లేదు.

మోకాలు వాచింది. రాత్రికి తగ్గిపోతుంది.

సెప్టెంబర్ 8, ఆదివారం

ఆస్పత్రి మంచం మీద రాస్తున్నాను. మా ఆయన డైరీ తెచ్చిచ్చారు, చదవలేదని ఒట్టేశారు. చదివి ఉంటారు. కానీలే.

శుక్రవారం పొద్దున్న క్లాసులన్నీ వరసల్లో నిలబడ్డాయి. షామియానా కింద అధికారి, ఛైర్మన్, పెద్ద మేడమ్. మార్చ్‌పాస్ట్ మొదలవ్వాలంటే నేను విజిల్ ఊదాలి. నోట్లో పెట్టుకున్నాను కూడా. అప్పుడు గేటు దగ్గర రేడియో గొంతు వినపడింది. వాచ్‌మన్‌తో వాదిస్తోంది. చూస్తే ఊచల అవతల అందరూ ఉన్నారు. రేడియో వాళ్ళమ్మ ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి అందర్నీ తీసుకొచ్చిందట. స్టీరింగ్ కుర్చీ కూడా తనే తోసుకొచ్చింది. మౌని చెవులు మూసుకుని ఉన్నాడు, కానీ వచ్చాడు.

విజిల్ నోట్లోంచి తీసేశాను.

ఇంతమంది పిల్లలు, ఇందరు పెద్దలు, అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. పెద్ద మేడమ్ నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, ఊదండి అన్నారు. క్లాసు మొత్తం రాలేదు మేడమ్, ఎనిమిదో తరగతి సగం గేటు బయటుంది అన్నాను. మీ ఉద్యోగం సంగతి ఆలోచించుకోండి అన్నారు. అదే ఆలోచిస్తున్నాను, నా ఉద్యోగం వీళ్ళని ఆడించడం అన్నాను. ఇది చెప్పేటప్పుడు గొంతు వణికింది. ధైర్యంగా చెప్పినట్టు రాసుకోవాలని ఉంది కానీ వణికింది.

ఇక గేటు నేనే తెరుద్దామని బయల్దేరాను. పరుగెత్తాలనిపించింది, పరుగెత్తాను. సగం దూరంలో మోకాలిలో ఏదో పుటుక్కుమంది. అంతమంది ముందు మొహం బోర్లా పడ్డాను. నోట్లోకి మట్టి వెళ్ళింది. లేవబోతే కాలు నాది కానట్టుంది.

అందరికన్నా ముందు ఎక్స్‌ప్రెస్ వచ్చాడు. వరసలోంచి పరుగెత్తుకొచ్చి నా చంకల కింద చేతులేశాడు.

"నన్ను కాదురా. గేటు" అన్నాను.

వాడు ఒక్క క్షణం షామియానా వైపు, వాళ్ళ నాన్న వైపు చూశాడు. తర్వాత గేటుకేసి పరుగెత్తాడు. నెలకి పైగా రోజూ పొద్దున్నే వాడి పరుగుని వాచీతో కొలిచినదాన్ని, అంత వేగంగా వాణ్ణి ఎప్పుడూ చూడలేదు. వాచ్‌మన్ అడ్డుపడలేదు. గడియ కూడా ఆయనే తీశాడని తర్వాత తెలిసింది.

నన్ను మోసుకెళ్ళడానికి బల్ల తెచ్చారు. ఆట అయ్యేదాకా కదలనన్నాను. నిజానికి కదలలేను కూడా. స్టీరింగ్, రేడియో, మిగిలినవాళ్ళు వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. ఎనిమిదో తరగతి వరస తప్పించుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఎవరో తాడు కట్టారు. మార్చ్‌పాస్ట్ కన్నా ముందు చతికిలాట జరిగింది. స్కూలు మొత్తం, షామియానాతో సహా, ఊపిరి బిగబట్టి బంతి గరగర విన్నది. రేడియోకి వచ్చిన మొదటి బంతిని ఎక్స్‌ప్రెస్ గట్టిగానే కొట్టాడు. ఆ పిల్ల తిప్పి కొట్టింది. అది వాడి పొడుగు కాళ్ళ మధ్య పడింది.

ఆట ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు. నొప్పి మొదలైంది అప్పుడే.

సెప్టెంబర్ 12, గురువారం

మోకాలి లోపల లిగమెంటు దెబ్బతిని చాలా రోజులయిందట. జూలైలోనే సగం తెగి ఉంటుందని డాక్టరమ్మ అంది. దాని మీద పరుగులు కూడానా అని అడిగింది. పిల్లల కోసమే కూర్చునేదాన్ని అని చెప్పబోయి ఆగిపోయాను. నిలబడలేక కూర్చున్నాను. ఆ తర్వాత లేవాలనిపించక కూర్చున్నాను, ఎందుకంటే ఆట అక్కడే బాగుంది. రెండూ నిజమే.

ఆపరేషన్ అయ్యాక నడుస్తాను. పరుగెత్తను.

సెప్టెంబర్ 20, శుక్రవారం

పెద్ద మేడమ్ వచ్చారు. స్టూలు మీద కూర్చుని నా కాలు కట్టు వైపే చూస్తూ మాట్లాడారు. అధికారి ఏమీ రాయలేదట, మంచీ లేదు చెడూ లేదు. ఛైర్మన్ మాత్రం కొడుకుతో మాట్లాడటం మానేశారట. కొడుకూ తగ్గట్లేదట. నా మీద మెమో సంగతి హెచ్చరికతో సరిపెట్టారు. ఇకపోతే నా ఆరోగ్యం దృష్ట్యా ఆఫీసులో తేలిక పని ఇప్పించగలనని, మైదానానికి కొత్తవాళ్ళు వస్తారని చెప్పారు. దయగానే చెప్పారు.

అంటే నన్ను కూడా వరండాలో కూర్చోబెడుతున్నారా మేడమ్ అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అప్పుడు చెప్పారు. "నేను హెడ్మిస్ట్రెస్ అయిన మొదటి స్కూల్లో ఒక పిల్లాడు ఆటల పీరియడ్‌లో గోడెక్కి పడ్డాడు. మెడ కింద మళ్ళీ ఏదీ కదల్లేదు. విచారణ జరిగింది. నా తప్పు లేదని తేల్చారు. వాళ్ళమ్మ మాత్రం తేల్చలేదు."

ఇన్నాళ్ళూ ఆవిడది మొండితనం అనుకున్నాను. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పట్టుకునే అన్నాను, వదిలితే అనలేనేమోనని.

"మీ భయం నిజం మేడమ్. కానీ దాన్ని ఈ పిల్లలెందుకు మొయ్యాలి?"

ఆవిడ లేచారు. తలుపు దగ్గర ఆగి, పిల్లలందర్నీ ఆడించాలంటే బాధ్యత నాదేనని నేను రాసివ్వాల్సి ఉంటుందన్నారు. కాగితం ఇలా ఇవ్వండి అన్నాను. తెచ్చుకోలేదన్నారు. సంచీలోంచి పండు తీసి ఇచ్చారు. దాన్ని చుట్టిన కాగితం మీదే రాసిచ్చాను.

అక్టోబర్ 7, సోమవారం

గుమ్మం దాకా నడిచాను.

అక్టోబర్ 8, మంగళవారం

గుమ్మం దాటాను. మా ఆయన వెనకాల నిలబడి బండిని రివర్సు తీయిస్తున్నట్టు సైగలు చేస్తుంటే నవ్వొచ్చి పడబోయాను. చంపేస్తానని చెప్పాను.

నవంబర్ 11, సోమవారం

ఈ రోజు నుంచి డ్యూటీ.

కర్రతో గేటు దాటేసరికి మైదానం వైపు వరండాలో ఒక కుర్చీ వేసి ఉంది. చేతులున్న కుర్చీ, పెద్ద మేడమ్ గదిలోది. ఇక్కడ కూర్చుని చెప్పండి, అంతా కనపడుతుంది అన్నారు ఆవిడ. ఆ కుర్చీ తనే మోసుకొచ్చారని ఆయా చెప్పింది. థాంక్స్ మేడమ్, మీరు కూర్చోండి అని కర్ర పొడుచుకుంటూ మెట్లు దిగాను. కింది మెట్టు దగ్గర ఒళ్ళంతా చెమట పట్టింది. ఎవరూ చెయ్యి అందించలేదు. అందిస్తే తిడతానని వాళ్ళకి తెలుసు.

ఆరో పీరియడ్‌లో క్లాసంతా ముందే చతికిలబడి ఉంది. విజిల్ ఊదడానికి నిలబడ్డాను. స్టీరింగ్ అవతలి జట్టులోంచి, మా దగ్గర ఒకళ్ళు ఎక్కువున్నారు, వాళ్ళకి ఒకళ్ళు తక్కువ, రండి టీచర్ అన్నాడు. నేను ఎప్పుడూ జట్టులో ఆడలేదు. నేర్పాను, అంతే. రేడియో పక్కన కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ వాళ్ళు ఊరికే ఉండకుండా, టీచర్‌కి మెత్తగా వేయాలా గట్టిగా వేయాలా అని నాకు వినపడేలా చర్చించారు. ఎక్స్‌ప్రెస్ మొదటి బంతి నా నుదుటికే కొట్టాడు. వాడి కళ్ళల్లో భయం లేదు.

స్కోరు సమానంగా నడిచింది. ఆఖరి పాయింటు. బంతి నా మీదకి వచ్చింది. రేడియో నోరు తెరవకుండా మోచేత్తో నా పక్కలో పొడిచింది, తీసుకోమని. ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. తాడు దాటి, స్టీరింగ్ చెయ్యి దాటి, వెనక గీత దగ్గర పడింది.

మౌని చెయ్యి బయటికి ఊపాడు.

నేను ఒప్పుకోలేదు. గీత మీద పడిందని వాదించాను. వాడు రెండోసారి ఊపలేదు. సున్నం ఎగరడం నేను చూశానన్నాను. అవతలి జట్టు అప్పటికే గెలిచినట్టు చేతులు ఊపేస్తోంది, అరవకుండా, మౌని కోసం. సొంత జట్టు కూడా నోరెత్తలేదు. రేడియో అయితే, చప్పుడుని బట్టి బయటే టీచర్ అంది. ఆఖరికి వరండా వైపు తిరిగాను. పెద్ద మేడమ్ ఆ కుర్చీలో ముందుకు వంగి కూర్చుని ఉన్నారు.

"మేడమ్, మీరు చూశారు కదా, చెప్పండి" అని అరిచాను.

ఆవిడ కళ్ళజోడు సర్దుకున్నారు.

"బయటే" అన్నారు.

అందరూ ఒక్కటయ్యారు. సరే. ఇక్కడ నన్ను కాదనేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి రాసిపెడుతున్నాను. బంతి గీత మీదే పడింది. గీత మీద పడితే లోపల పడ్డట్టే.